లెక్కలోంచి తీసేసిన పొగ

2023 జూన్ 7న న్యూయార్క్ ఆకాశం పట్టపగలే నారింజ రంగుకు తిరిగింది. ఆ పొగకు కారణమైన మంటలు అక్కడికి వందల కిలోమీటర్ల ఉత్తరాన, కెనడాలోని క్యుబెక్ అడవుల్లో ఉన్నాయి. కోట్ల మంది ఆ గాలినే పీల్చారు. అయితే ఒక ప్రాంతపు గాలి చట్టం గీసిన హద్దుల్లో ఉందా లేదా అని తేల్చేటప్పుడు అలాంటి రోజుల కొలతలను పక్కన పెట్టమని కోరే వీలు అమెరికా చట్టంలోనే ఉంది. నిబంధనల భాషలో అది ‘అసాధారణ ఘటన’. రాష్ట్రం తగిన ఆధారాలు చూపి, సమాఖ్య పర్యావరణ పరిరక్షణ సంస్థ ఒప్పుకుంటే చాలు, ఆ రోజు పొగ ఊపిరితిత్తుల్లోకి వెళ్తుంది గాని పద్దులోకి రాదు.

ఈ మినహాయింపు వెనుక ఉన్న తర్కాన్ని నేను కొట్టిపారేయడం లేదు, దాని దగ్గరికి తర్వాత వస్తాను. కార్చిచ్చు పొగ ఎక్కడి నుంచి ఎంత వచ్చిందో చెప్పగల పరిజ్ఞానం లేని రోజుల్లో దాన్ని దైవాధీనమని వదిలేయడంలో కొంత న్యాయం ఉండేది. గత నాలుగు దశాబ్దాల పరిశోధన ఆ సాకును చాలావరకు చెల్లకుండా చేసింది. పొగను శిక్ష నుంచి మినహాయించడం వేరు, రికార్డు నుంచి మినహాయించడం వేరు; ఈ రెండోదాన్ని ఇక సమర్థించుకోలేమన్నది నా వాదన. అయితే ఆ శాస్త్రం ఏం చేయగలదో, ఎక్కడ తడబడుతుందో ముందు చూడాలి, ఎందుకంటే ఆ తడబాటు చిన్నదేమీ కాదు.

అడవి మంటల ఉద్గారాల లెక్కకు పునాది వేసిన వ్యాసం 1980లో వచ్చింది. రాసినవారు వోల్ఫ్‌గాంగ్ సైలర్, పాల్ క్రుట్జెన్. ఓజోన్ రసాయనంపై చేసిన కృషికి తర్వాత 1995లో నోబెల్ అందుకున్న క్రుట్జెనే ఈయన. వారి సూత్రంలో నాలుగు అంకెలను గుణిస్తే చాలు: కాలిన విస్తీర్ణం, ఒక్కో హెక్టారులో ఉన్న చెట్టూ చేమా ఆకూ అలమూ బరువు, అందులో నిజంగా కాలిపోయిన వంతు, కాలిన ప్రతి కిలోకూ వెలువడే పదార్థం. ఇంత సాదా సూత్రం నేటికీ దాదాపు ప్రతి ఉద్గార జాబితాకూ వెన్నెముకగా ఉంది. గుణకారానికి ఒక చెడ్డ గుణం ఉంది. నాలుగు అంకెలూ 30 శాతం చొప్పున ఎక్కువగా పడ్డాయనుకుంటే, తుది ఫలితం 30 శాతం కాదు, దాదాపు 2.9 రెట్లకు చేరుతుంది. ఒకే మంటకు రెండు పేరున్న జాబితాలు కొన్ని రెట్ల తేడాతో అంకెలు ఇవ్వడం వెనుక ఉన్నది ప్రధానంగా ఇదే.

నాలుగింటిలో నాకు అన్నిటికంటే ఆసక్తి కలిగించేది చివరిది, అంటే కిలో ఇంధనానికి ఎంత పొగ అన్న అంకె. దీన్ని కొలవడానికి అమెరికాలోని మోంటానా రాష్ట్రం మిస్సౌలాలో అటవీ శాఖకు ఒక ప్రయోగశాల ఉంది. అక్కడి దహన గది ఎత్తు 20 మీటర్లకు పైనే. నేల మీద త్రాసు, త్రాసు మీద పైన్ సూదులు, కొమ్మలు, అడవి నేలపై పేరుకునే కుళ్లు ఆకు. వాటికి నిప్పంటిస్తే బరువు క్షణక్షణం తగ్గుతూ నమోదవుతుంది, పొగ గొట్టంలోంచి పైకి పోతుంది, పైన వేదిక మీద అమర్చిన పరారుణ వర్ణపటమాపకం అందులోని వాయువులను పేరుపేరునా లెక్కిస్తుంది. మొదటి కొద్ది నిమిషాలు జ్వాల ఎగసినప్పుడు కార్బన్‌లో దాదాపు అంతా కార్బన్ డయాక్సైడ్‌గా పోతుంది. జ్వాల అణిగి, లావాటి కొమ్మలూ కుళ్లు ఆకూ మంట లేకుండా కుమలడం మొదలయ్యాక కథ మారుతుంది. కార్బన్ మోనాక్సైడ్, మీథేన్, ఫార్మాల్డిహైడ్, బెంజీన్, వాటితోపాటు సేంద్రియ సూక్ష్మ కణాలు బయటికొస్తాయి. వడపోత కాగితాల మీద ఆ తేడా కంటికే కనిపిస్తుంది. జ్వాల పొగ నల్లటి మసి మరకను వదిలితే, కుమిలిన పొగ పసుపు కలిసిన గోధుమ రంగు మరకను వదులుతుంది.

ఈ రెండు దశలనూ వేరు చేయడానికి పరిశోధకులు వాడే కొలత ‘దహన సామర్థ్య నిష్పత్తి’. కార్బన్ డయాక్సైడ్, కార్బన్ మోనాక్సైడ్ రెండింటి మొత్తంలో డయాక్సైడ్ వంతు ఎంత అన్నదే ఆ నిష్పత్తి. శుద్ధమైన జ్వాలకు అది 0.99 దగ్గర ఉంటుంది, కుమిలే నిప్పుకు 0.8 చుట్టుపక్కలకు దిగుతుంది. ఎండిన సవన్నా గడ్డి భగ్గున మండిపోతుంది కాబట్టి కిలోకు సుమారు 7 గ్రాముల పీఎం 2.5 (2.5 మైక్రోమీటర్లకు మించని అతి సూక్ష్మ కణాలు) మాత్రమే వదులుతుంది. ఉత్తర ధ్రువానికి దగ్గరి బోరియల్ అడవిలో అదే అంకె రెట్టింపుకు మించి ఉంటుంది. అంటే ‘ఇన్ని హెక్టార్లు కాలింది’ అన్న వార్త, మనం పీల్చే గాలి గురించి చెప్పేది చాలా తక్కువ. ఏది కాలింది, ఎలా కాలింది అన్నదే ముఖ్యం. 1997లో ఇండోనేషియాలో మండిన పీట్ నేలలు ఇందుకు అంతిమ ఉదాహరణ. వేల ఏళ్లుగా నీటిలో పేరుకున్న మొక్కల అవశేషాలను కాలువలు తవ్వి ఎండబెట్టారు, ఎల్ నినో కరవు వచ్చింది, నిప్పు భూమి లోపలికి దిగి వారాల తరబడి కుమిలింది. ఆ ఏడాది అక్కడి నుంచి వెలువడిన కార్బన్, ప్రపంచమంతా శిలాజ ఇంధనాల ద్వారా వదిలిన దానిలో 13 నుంచి 40 శాతానికి సమానమని 2002లో ‘నేచర్’లో వచ్చిన అంచనా. ఆ రెండు అంకెల మధ్య ఉన్న దూరాన్ని చూడండి. భూమి ఎంత లోతు దాకా కాలిందో కచ్చితంగా తెలియకపోవడమే ఆ దూరానికి పెద్ద కారణం.

ఉపగ్రహాలు రాకముందు కాలిన విస్తీర్ణం కూడా ఊహే. 1999లో ఎగిరిన టెర్రా, 2002లో ఎగిరిన ఆక్వా ఉపగ్రహాల్లోని మోడిస్ పరికరం మంటల వేడిని ప్రపంచవ్యాప్తంగా రోజూ పట్టి చూపడం మొదలుపెట్టింది. మంట ప్రసరించే పరారుణ శక్తి ఎంతో కొలిస్తే, ఎంత ఇంధనం కాలిపోతోందో నేరుగా అంచనా వేయవచ్చన్న ఆలోచన కూడా అలాగే బలపడింది. ఇది నాలుగు అంకెల గొలుసును కాస్త కురచ చేస్తుంది. అయితే ఉపగ్రహం మబ్బుల కింద ఉన్న మంటను చూడలేదు, దట్టమైన చెట్ల కప్పు కింద నెమ్మదిగా కుమిలే నిప్పును తరచుగా కానదు, తాను పైనుంచి దాటిన సమయంలో ఏం జరుగుతోందో అదే చెప్తుంది. మంటలు విజృంభించేది మధ్యాహ్నం దాటాక, పొగ లోయల్లోకి దిగి గడ్డకట్టేది రాత్రి. ఆ రెండింటి మధ్య జరిగేదాన్ని పట్టడానికి భూస్థిర కక్ష్యలోని ఉపగ్రహాలు ఇప్పుడిప్పుడే అక్కరకొస్తున్నాయి.

ఇక్కడ ఒక మంచి వార్త ఉంది. కింది నుంచి పైకి వేసిన లెక్కను పై నుంచి కిందికి సరిచూసే పద్ధతి 2017లో సెంటినెల్-5పి ఉపగ్రహం ట్రొపోమి పరికరాన్ని మోసుకెళ్లాక బాగా పదునెక్కింది. గాలిలో కార్బన్ మోనాక్సైడ్ ఎంతుందో అది రోజూ కొలుస్తుంది, గాలి ప్రవాహాల నమూనాతో వెనక్కి నడిస్తే మంట దగ్గర ఎంత పుట్టి ఉండాలో తేలుతుంది. 2023లో కెనడాలో సుమారు కోటిన్నర హెక్టార్లు కాలిన ఆ మహా రుతువుకు ఇలా వేసిన లెక్క మే నుంచి సెప్టెంబరు దాకా 64.7 కోట్ల టన్నుల కార్బన్ అని తేల్చింది. శిలాజ ఇంధనాల నుంచి ఏటా అంతకంటే ఎక్కువ కార్బన్ వదిలే దేశాలు చైనా, అమెరికా, భారత్ మూడే.

పొగ పుట్టాక అలాగే ఉండిపోదు. 2018లో సి-130 విమానంతోనూ, 2019లో నాసా, అమెరికా సముద్ర వాతావరణ సంస్థ నోవా కలిసి డీసీ-8 విమానంతోనూ అమెరికా పశ్చిమాన పొగ తెరల్లో అడ్డంగా ఎగిరి కొలిచారు. మంట దగ్గర ఒకసారి, గంట ప్రయాణం దూరంలో ఒకసారి, ఇంకా దూరంలో మరోసారి అలా ముక్కలు కోసినట్టు కొలిస్తే వింత ఒకటి బయటపడింది. వాయువులు ఎండలో రసాయన మార్పు చెంది కొత్త కణాలుగా మారతాయి కనుక, దూరం పోయేకొద్దీ సేంద్రియ కణాల బరువు పెరగాలని చాలామంది అనుకునేవారు. నిజానికి విరళీకరణ, అంటే గాలితో కలిసి పొగ పలచబడటం, లెక్క తీసేశాక చాలా పొగల్లో నికరంగా పెద్ద మార్పు కనిపించదు. కారణం, పొగ పలచబడేకొద్దీ కణాల మీది పదార్థం ఆవిరై వాయువుగా తప్పుకుంటుంది, ఆ వాయువే మళ్లీ ఆక్సీకరణం చెంది ఇంకో రూపంలో కణానికి అతుక్కుంటుంది. బరువు అదే, పదార్థం మాత్రం అది కాదు. మన సూచీలన్నీ బరువునే కొలుస్తాయని గుర్తుంచుకుంటే, ఈ ఒక్క ఫలితం ఎంత ఇబ్బందికరమో తెలుస్తుంది. మూడు గంటల పొగా మూడు రోజుల పొగా ఘనపు మీటరుకు 50 మైక్రోగ్రాములని ఒకే అంకె చూపించవచ్చు, ఊపిరితిత్తులకు మాత్రం అవి రెండు వేర్వేరు పదార్థాలు.

నేల దగ్గర కాలుష్యంగా ఏర్పడే ఓజోన్ సంగతి ఇంకా చిక్కుది. అడవి పొగలో నైట్రోజన్ ఆక్సైడ్లు త్వరగానే ఖర్చైపోతాయి, ఆవిరయ్యే సేంద్రియ పదార్థాలు మాత్రం పుష్కలంగా మిగులుతాయి. నగరాల్లో పరిస్థితి తరచుగా దీనికి తిరగబడి ఉంటుంది. ఆ రెండు గాలులూ కలిసినచోట ఒకదాని లోటును ఇంకొకటి తీర్చి ఓజోన్ పెరుగుతుంది. పొగ మరీ దట్టమైతే ఎండ కిందికి రాక ఆ రసాయనమే మందగిస్తుంది. ఏ రోజు ఏది గెలుస్తుందో ముందుగా చెప్పడం నేటి నమూనాలకు కష్టంగానే ఉంది.

కింద, మనుషులు ఉండే చోట, కొలత ఎలా జరుగుతోంది? ప్రభుత్వ ప్రమాణిక పరికరాలు నమ్మదగినవి, కాని ఖరీదైనవి, అందుకే పలచగా ఉంటాయి. ఆ ఖాళీని ఇళ్ల గోడలకు తగిలించుకునే చవక సెన్సర్లు నింపుతున్నాయి. అలాంటిదొకటి విప్పి చూస్తే లోపల ఉండేది అరచేతిలో పట్టే డబ్బా, చిన్న పంకా, ఒక లేజరు, దానికి అడ్డంగా కాంతిని పట్టే ఒక డయోడు, అంతే. అది కణాలను తూచదు. కణాలు చెదరగొట్టిన కాంతిని చూసి బరువును ఊహిస్తుంది. పొగ కణాలు కాంతిని బాగా చెదరగొట్టే పరిమాణంలో ఉంటాయి కాబట్టి ఊహ తప్పుతుంది. పర్పుల్ ఎయిర్ సెన్సర్లకు అమెరికా పర్యావరణ సంస్థ పరిశోధకులు 2021లో ప్రచురించిన సవరణలో, సెన్సర్ చూపిన అంకెను స్థూలంగా సగం చేసి, గాలిలోని తేమను బట్టి సర్దుతారు. ఆ సవరణతో అవి అధికారిక పొగ పటంలో స్థానం సంపాదించుకున్నాయి. పరికరం చవకదైనంత మాత్రాన పనికిరానిది కాదు, దాని తప్పు ఏ దిశలో ఎంతో తెలిస్తే చాలునన్న పాఠం నాకు ఇక్కడ దొరికింది. ఉద్గార జాబితాలకూ అదే వర్తిస్తుంది.

ఆరోగ్యం దగ్గరికి వస్తే నేను కాస్త జాగ్రత్తగా మాట్లాడతాను. 2012లో ఫే జాన్‌స్టన్ నాయకత్వంలో వచ్చిన అంచనా ప్రకారం అడవులు, గడ్డి మైదానాలు, పీట్ నేలల మంటల పొగ వల్ల 1997 నుంచి 2006 దాకా ఏటా సగటున 3,39,000 అకాల మరణాలు సంభవించాయి. ఇది నమూనా ఇచ్చిన అంకె, శవపరీక్షలు ఇచ్చినది కాదు. 2021లో దక్షిణ కాలిఫోర్నియా మీద వచ్చిన ఇంకో అధ్యయనం ఎక్కువ చర్చకు దారితీసింది. కార్చిచ్చు నుంచి వచ్చిన పీఎం 2.5 ఘనపు మీటరుకు 10 మైక్రోగ్రాములు పెరిగితే శ్వాసకోశ సమస్యలతో ఆసుపత్రి చేరికలు 1.3 నుంచి 10 శాతం పెరిగాయని, మిగతా మూలాల పీఎం 2.5కు ఆ పెరుగుదల 0.67 నుంచి 1.3 శాతమేనని అది చెప్పింది. దాంతో ‘కార్చిచ్చు పొగ పది రెట్లు విషం’ అన్న మాట ప్రచారంలోకి వచ్చింది. రెండు వ్యాప్తులూ 1.3 దగ్గర తాకుతున్నాయన్నది ఆ మాట పుట్టించినవారు గమనించినట్టు లేదు. పొగ ఎక్కువ హానికరం కావచ్చునన్న సూచన అందులో ఉంది, పది రెట్లన్న తీర్పు లేదు.

నాకు ఎక్కువ నమ్మకం కలిగించే ఆధారం ఎవరూ ప్లాను చేయని ఒక ప్రయోగం నుంచి వచ్చింది. కాలిఫోర్నియాలోని డేవిస్‌లో ఉన్న జాతీయ వానర పరిశోధన కేంద్రంలో రీసస్ కోతులు ఆరుబయటి ఆవరణల్లో పెరుగుతాయి. 2008 వేసవిలో ఉత్తర కాలిఫోర్నియా తగలబడినప్పుడు ఆ వసంతంలో పుట్టిన పిల్లలు పొగను పీల్చక తప్పలేదు, దగ్గరలోని కేంద్రం ఆ గాలిని గంటగంటకూ నమోదు చేసింది. మరుసటి ఏడాది పుట్టినవి అంత పొగ ఎరగవు. రెండు గుంపులూ కౌమారానికి వచ్చాక పోల్చితే, పొగ పీల్చిన పిల్లల్లో ఊపిరితిత్తుల సామర్థ్యం తగ్గింది, రోగనిరోధక స్పందన మందగించింది. తిండీ తావూ వంశమూ ఒకటే, తేడా ప్రధానంగా పొగ. మనుషుల మీద ఇలాంటి పోలిక దొరకడం కష్టం. అయినా 2017లో మోంటానాలోని సీలీ లేక్ అనే చిన్న ఊరు 49 రోజులు సగటున ఘనపు మీటరుకు దాదాపు 220 మైక్రోగ్రాముల పీఎం 2.5లో బతికాక, అక్కడివారి శ్వాస పరీక్షలు మరుసటి ఏడాది దిగజారినట్టు తేలింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 24 గంటలకు సూచించే హద్దు 15 మైక్రోగ్రాములు.

పైగా ఇప్పుడు కాలుతున్నది అడవి ఒక్కటే కాదు. 2018లో ప్యారడైజ్ పట్టణాన్ని మింగిన ‘క్యాంప్ ఫైర్’ అనే కార్చిచ్చు పొగలో సీసం, జింకు సాధారణ స్థాయికి చాలా మించి ఉన్నట్టు కాలిఫోర్నియా వాయు వనరుల మండలి తర్వాత తేల్చింది. ఇళ్లు, కార్లు, రంగులు, తీగలు కాలిన పొగకు అడవి పొగ గుణకాలు వాడటం ఎంతవరకు సబబు అన్నది ఈ రంగంలో అతిపెద్ద ఖాళీ అని నా అభిప్రాయం.

ఇక పద్దు సంగతి. అసాధారణ ఘటనల మినహాయింపును అమెరికా 2005లో చట్టంలో చేర్చింది, 2007లో నిబంధనలు రాసింది, 2016లో సవరించింది. దాని సమర్థకుల వాదనలో బలం ఉంది: పొరుగు దేశపు అడవి కాలితే ఒక నగరపు అధికారి ఏం చేయగలడు? చేయలేని పనికి జరిమానా వేయడం అన్యాయం. ఒప్పుకుంటాను. కాని మినహాయింపు అక్కడితో ఆగడం లేదు. ప్రమాణాలను నెరవేర్చామన్న ప్రకటనే ప్రజలకు చేరుతుంది, మినహాయించిన రోజుల ముచ్చట దస్త్రాల్లో ఉండిపోతుంది. ముడి కొలతలు ఎక్కడో భద్రంగా ఉంటాయన్నది నిజమే, కాని గాలి మెరుగుపడిందా లేదా అని అడిగే పౌరుడు వాటిని తవ్వి తీయడు. 2023లో మార్షల్ బర్క్ బృందం ‘నేచర్’లో ఆ పని చేసింది. దాదాపు నాలుగింట మూడు వంతుల రాష్ట్రాల్లో పీఎం 2.5 ధోరణిని పొగ ప్రభావితం చేసిందనీ, ఆ రాష్ట్రాల్లో 2000 నుంచి సాధించిన మెరుగుదలలో సగటున దాదాపు నాలుగో వంతును 2016 తర్వాత తినేసిందనీ చూపింది.

ఈ మినహాయింపు ఇంకో వక్రతనూ తెచ్చింది. అడవిలో పేరుకున్న ఇంధనాన్ని, తేమా గాలీ అనుకూలించిన రోజున, అదుపులో పెట్టి కాల్చడం పెద్ద మంటలను తగ్గించే మార్గాల్లో ఒకటి. అలా కాల్చినప్పుడు కిలోకు వచ్చే పొగ తక్కువని కాదు. హెక్టారుకు కాలే ఇంధనం తక్కువ, సమయం మన చేతిలో ఉంటుంది. ఆ మంటకు అనుమతి కావాలి, దాని పొగ మనిషి పెట్టిన పొగ కిందికి వస్తుంది. దానికీ మినహాయింపు కోరవచ్చని 2016 సవరణ స్పష్టం చేసినా, అలా కోరిన సందర్భాలు చాలా అరుదు. ఫలితంగా బాధ్యతగా పెట్టిన చిన్న మంట పొగకు లెక్క చెప్పాలి, నిర్లక్ష్యం వల్ల వచ్చిన పెద్ద మంట పొగకు అక్కర్లేదు. పద్దును చూసి నిర్ణయం తీసుకునే అధికారి ఏ వైపు మొగ్గుతాడో చెప్పనక్కర్లేదు. కర్బన లెక్కల్లోనూ ఇదే తీరు: కెనడా తన జాతీయ నివేదికలో ప్రకృతి విపత్తుగా భావించే మంటల ఉద్గారాలను ప్రధాన మొత్తంలో కలపదు, వాతావరణం మాత్రం ఆ తేడా పాటించదు.

పొగను వేరు చేసి చూపడం సాధ్యమా అన్న ప్రశ్నకు జవాబు ఇప్పటికే ఉంది. సెల్యులోజ్ కాలినప్పుడు పుట్టే లెవోగ్లూకోసాన్, వాహనాల నుంచి దాదాపు రాని అసిటోనైట్రైల్ లాంటి గుర్తులు ఉన్నాయి. నోవా విశ్లేషకులు ఉపగ్రహ చిత్రాల మీద పొగ సరిహద్దులను రోజూ గీస్తున్నారు. ఆ పొగ నేల దగ్గర ఉందా, కిలోమీటర్ల ఎత్తున ఉందా అన్నది మాత్రం చిత్రం చెప్పదు, దానికి కింది సెన్సర్లు తోడు కావాలి. ఈ అంచనాలకు 30 శాతమో అంతకు మించో అనిశ్చితి ఉంటే ఉండనివ్వండి, ఆ వ్యాప్తితో సహా అచ్చు వేయండి.

2024లో అమెరికా పీఎం 2.5 వార్షిక ప్రమాణాన్ని 12 నుంచి 9 మైక్రోగ్రాములకు దించింది. హద్దు కిందికి దిగేకొద్దీ మిగిలిన దానిలో పొగ వాటా పెద్దదవుతుంది, మినహాయింపు కోరే రాష్ట్రాలూ పెరుగుతాయి. అలా కోరే ప్రతి దస్త్రంలోనూ ఉండేవి గాలి మార్గాల పటాలు, ఉపగ్రహ చిత్రాలు, పొగ లేకుంటే ఆ రోజు కొలత ఎంత ఉండేదన్న అంచనాలు. పొగను తుడిచేయడానికి ముందు ఆ పొగ ఎంతో అధికారులే లెక్కగట్టుకుంటున్నారు. వార్షిక నివేదికలో పొగ లేని సగటు పక్కన పొగతో కలిపిన సగటుకు ఒక గడి చేర్చి, ఆ దస్త్రంలోని అంకెనే అందులో రాయడానికి కొత్త పరికరం ఒక్కటి కూడా కొననక్కర్లేదు.